తలుపు వెనక చుక్క

జ్యేష్ఠ శుద్ధ తదియ

ఆ రోజుకు ప్రత్యేకత ఏమీ లేదు. పండుగ కాదు, ఎవరి పుట్టినరోజూ కాదు. నాకు పదమూడేళ్లు, తమ్ముడు శేషుకి ఎనిమిది, చెల్లెలు ఇందుకి రెండు నిండి మూడు నడుస్తోంది. కింద సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో, రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. అమ్మ ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, తడి చేతులు పైటకు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది. కంప్యూటర్ అక్కడే ఉండేది. ఇంకా కట్టని ఇళ్లకు బొమ్మలు చేయడం అమ్మ పని. చూసినవాళ్లు అది ఫొటో అనుకునేవాళ్లు. అప్పట్లో ఒక్క బొమ్మ తయారు కావడానికి యంత్రానికి రాత్రంతా పట్టేది.

"తాయారూ, బొమ్మ ఉడికిందేమో చూడు" అంది.

చూశాను. ఉడికింది. ఎవరిదో ముందు గది. కిటికీలోంచి వచ్చిన ఎండ నేల మీద నాలుగు ముక్కలుగా పడింది. బల్ల మీద ఇత్తడి చెంబు. ఆ చెంబు పొట్టలో అదే కిటికీ గోరంత అయి కనిపిస్తోంది. పక్కింటి కుక్కర్ కూసింది. శేషు ఒక కాలికి మేజోడు తొడుక్కుని రెండోదాని కోసం మంచం కింద వెతుకుతున్నాడు. అమ్మ కాటుక భరిణె తీసి వాడి చెవి వెనక చుక్క పెట్టింది. వాడు తల విదిలించుకున్నాడు. ఇందుకు అరికాల్లో పెట్టింది. కితకితలకు అది కాలు ముడుచుకుని నవ్వింది. అమ్మ వేలికి ఇంకా కొంచెం నలుపు మిగిలింది. తెర వైపు చూసి, బొమ్మలో తెరిచి ఉన్న తలుపు వెనక, గడపకు జానెడు పైన, గోడ మీద ఆ వేలు ఆనించింది.

"ఇంత బాగుంటే కళ్లు పడవూ" అంది. నాతో కాదు, బొమ్మతో.

సాయంత్రం శేషు బడినుంచి వచ్చి తెర మురికిగా ఉందని తుడిచేశాడు. మర్నాటి నుంచి అమ్మ చుక్కను బొమ్మలోనే పెట్టడం మొదలుపెట్టింది. ఆ పూట ఇడ్లీలు మాత్రం గట్టిపడ్డాయి.

పని పుస్తకంలో రాయవలసిన విషయం కాదిది. దీపం పెట్టి కూర్చుంటే ఆ ఉదయం కళ్లముందుకు వచ్చింది. రాశాను.

నేటి పని: ఏడో మెట్ట, మూడో వీధిలో నూకాలమ్మ ఇంటి గృహప్రవేశానికి వెళ్లి వచ్చాం. వల కుట్టుకోవడానికి కాళ్లు చాపుకునేంత అరుగు అడిగింది. బొమ్మలో పెట్టాం, పోతరాజు యంత్రం పోసింది. అరుగు కొలత సరిపోయింది.

జ్యేష్ఠ శుద్ధ అష్టమి

పొగమంచును పట్టే వలల నుంచి నీళ్లు నేడు మూడు బిందెలు. ఎండ పలకలు తుడిచాను. మబ్బు విడిచాక రెండు బొమ్మలు ఉడికాయి. ఇప్పుడు రాత్రంతా అక్కర్లేదు, గంట ఎండ చాలు.

మా గదిలో పనులు ఎప్పుడో పంచుకున్నాం. ఇంటివాళ్లు చెప్పింది విని గోడలు, తలుపులు, నేల చేసేది శేషు. వెలుతురు పెట్టేది నేను. కింది ఊరి ఎండ చూసినవాళ్లు తక్కువైపోతున్నారు, అందుకని ఆ పని నాకే మిగిలింది. పూర్తయిన బొమ్మను శేషు మూలమూలా చూసి ముద్ర వేస్తాడు. ఇందు దాన్ని పోతరాజుకు పంపుతుంది.

పోతరాజు అని ఇళ్లు పోసే యంత్రానికి ఈ మెట్టవాళ్లు పెట్టుకున్న పేరు. బొమ్మ చూసి ఇల్లు పోస్తుంది. బొమ్మలో ఉన్నది ఉంటుంది, లేనిది ఉండదు. పైకి వచ్చిన కొత్తలో, ఇల్లు సహజంగా కనిపించాలని, ఒక బొమ్మలో అరుగు మీద చెప్పుల జత పెట్టాను. పోతరాజు ఆ చెప్పుల్ని కూడా పోసి అరుగుకు అతికించింది. ఆ ఇంటాయన నేటికీ వాటికి తట్టుకుని నన్ను తలుచుకుంటూ ఉంటాడు.

మధ్యాహ్నం నూకాలమ్మ వచ్చింది. కొండగాలి తిరిగిన దగ్గరనుంచి సాయంత్రం పూట ఇల్లు కూస్తోందట. శేషు నవ్వి, కిటికీ సందుల్లో పెట్టుకోమని మైనం ఇచ్చాడు.

"కిటికీ కాదు బాబూ, గోడే కూస్తంది" అంది నూకాలమ్మ. మైనం మాత్రం కొంగున కట్టుకుంది.

జ్యేష్ఠ పౌర్ణమి

సత్యనారాయణ వ్రతం చేసుకున్నాను. రవ్వకు బదులు కొర్ర పిండి.

కూసే ఇళ్లు పదకొండయ్యాయి. కొండను తొలిచి ఇళ్లు పోశాం కనక కొండ ఏడుస్తోందని మూడో వీధిలో అనుకుంటున్నారట. పోతరాజు మెడకు నిమ్మకాయల దండ వేశారు. యంత్రాన్ని చూసుకునే జకరయ్య ఆ దండ తీయలేక, ఉంచలేక, దాన్ని పక్కకు జరుపుకుంటూ పనిచేస్తున్నాడట.

అతను మా గదికి వచ్చాడు. యంత్రం తనంతట తాను గోరంత కూడా కలపదని, బొమ్మల్లోనే ఏదో ఉందని అన్నాడు. శేషుకి కోపం వచ్చింది. నేను చూసి ముద్ర వేసిన బొమ్మలో లేని కూత గోడకు ఎలా వచ్చిందో నీ పోతరాజునే అడుగు అన్నాడు. జకరయ్య టీ సగంలో వదిలేసి వెళ్లాడు. అతను టీ వదలడం ఇదే మొదటిసారి.

ఒక సంగతి ఇక్కడ రాయాలి. అమ్మ ఆ ఉదయం తర్వాతి ఏడాది జ్వరంతో పోయింది. సముద్రం లోపలికి వచ్చేదాకా ఊరు మాత్రం ఇంకో ఇరవై మూడేళ్లు నిలిచింది. అన్నేళ్లూ నేను బొమ్మల్లో అమ్మ చుక్క పెడుతూనే ఉన్నాను. మెట్ట మీదకు వచ్చి పోతరాజుకు బొమ్మలు పంపడం మొదలుపెట్టినప్పుడు శేషు చెప్పాడు, ఇక చుక్కలవీ వద్దక్కా, బొమ్మలో ఉన్నదంతా ఇల్లవుతుంది అని. సరేనన్నాను.

పెడుతూనే ఉన్నాను. శేషు ముద్ర వేశాక, ఇందు పంపేలోగా. తలుపు వెనక, గడపకు జానెడు పైన. ఆవగింజంత. పెట్టి ఆ ఇంటివాళ్లు చల్లగా ఉండాలని ఒకసారి దణ్ణం పెట్టుకుంటాను. పంతొమ్మిదేళ్లుగా ఎవరూ చూడలేదు. పోతరాజుకు అంత చిన్నది ధూళి కింద లెక్క, వదిలేస్తుంది.

కాబట్టి ఈ కూతకూ దానికీ సంబంధం ఉండకూడదు. అలా అనుకుని పడుకున్నాను.

జ్యేష్ఠ బహుళ తదియ

నూకాలమ్మ ఇంటికి వెళ్లాను. అరుగు మీద పొగమంచు వల పరుచుకుని కూర్చుంది. ఒకప్పుడు సముద్రంలో వేసిన వలే, ఇప్పుడు మబ్బులో వేస్తున్నారు. కన్ను పెద్దదైతే చేప పోయేది, ఇప్పుడు నీళ్లు పోతున్నాయి, అంతే తేడా అంది.

లోపలికి వెళ్లి తలుపు మూశాను. వెనక గోడ చూశాను. గడపకు జానెడు పైన, చిటికెన వేలు పట్టేంత కన్నం. గుండ్రంగా, అంచులు నున్నగా, ఎవరో అచ్చంగా కావాలని అడిగి చేయించుకున్నట్టు. వేలు పెట్టాను. అవతలి గాలి చల్లగా తగిలింది.

"ఇల్లడిగితే పిల్లంగోయి ఇచ్చినారేటమ్మా" అంది నూకాలమ్మ అరుగు మీదనుంచే.

నేను నవ్వలేకపోయాను. నీళ్లు ఇచ్చింది, తాగి వచ్చేశాను. నాకు తెలిసింది, ఒక్కటి తప్ప. ఆవగింజంత చుక్క ఇన్నాళ్లూ ధూళిగా పోయి, ఇప్పుడు కన్నంగా ఎందుకు తేలింది?

ఇంట్లో ఏమీ చెప్పలేదు. సాయంత్రం ఒక బొమ్మ పంపాల్సి ఉంది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి చుక్క పెట్టలేదు. ఆ ఇంటివాళ్ల పేరు చెప్పుకుని రెండుసార్లు దణ్ణం పెట్టుకున్నాను.

జ్యేష్ఠ బహుళ షష్ఠి

గృహ పరీక్షా కార్యాలయం నుంచి మృణాళిని గారు వచ్చారు. మర్యాదస్తురాలు, చెప్పులు బయటే విడిచారు. మొత్తం ముప్పై ఒక్క ఇళ్లు. అన్నీ ఈ వసంతం నుంచి పోసినవే, అన్నీ మా గది బొమ్మలే. కన్నం అన్నిటికీ ఒకే చోట ఉందని చెప్పి, శేషు ముఖం చూశారు.

శేషు వెంటనే కాగితం తీసి రాసిచ్చాడు. ప్రతి బొమ్మా నేనే స్వయంగా చూశాను, ఒక్క బొమ్మలో ఆ కన్నం ఉన్నా నా ముద్ర తీసుకోండి అని. తొందర లేదు, ఆలోచించి ఇవ్వండి అని ఆవిడ అన్నారు. ఆలోచించడానికి ఏముంది అన్నాడు.

ద్వాదశి నాడు కార్యాలయంలో జకరయ్య ముందు బొమ్మలు తెరిచి చూస్తారట. అప్పటికి శేషు వెళ్లాలి.

ముద్ర ఒకసారి పోతే మళ్లీ ఇవ్వరు. ఆరేళ్లు చదివి, రెండుసార్లు తప్పి, మూడోసారి తెచ్చుకున్నాడు దాన్ని. అది తెచ్చుకున్న రోజు దేవుడి ముందు పెట్టి, ఇది అమ్మ పని అక్కా, నాది కాదు అన్నాడు. ఊరు వదిలిన రోజున అందరూ బిందెలు, పరుపులు మోసుకుని మెట్టలెక్కుతుంటే, వాడు అమ్మ బొమ్మలున్న హార్డ్ డిస్కును తువ్వాల్లో చుట్టి పొట్టకు కట్టుకుని ఎక్కాడు. దారిలో ఎవరో కడుపునొప్పా బాబూ అని అడిగారు.

వాడు అబద్ధం రాయలేదు. తెలియక రాశాడు. చేసింది నేను.

జ్యేష్ఠ బహుళ నవమి

రెండుసార్లు చెప్పబోయాను. మొదటిసారి శేషు గచ్చు మీద మెరుపు సరిచేస్తూ, ఇది చాలా అక్కా, తడిసినట్టు ఉండాలా అని అడిగాడు. చాలన్నాను. రెండోసారి వాడే ఎదురుగా వచ్చి, ద్వాదశి నాడు జకరయ్య నాకు టీ ఇప్పిస్తాడు చూడు అన్నాడు.

విష్ణు సహస్రనామం మధ్యలో తప్పాను. మళ్లీ మొదటినుంచి చదివాను.

మాట పెదవి దాటకపోతే ప్రార్థన కూడా ఒక వంకే అవుతుంది. ఏకాదశికి చెప్పాలి.

జ్యేష్ఠ బహుళ ఏకాదశి

ఉపవాసం. బొమ్మలు పెట్టలేదు.

మధ్యాహ్నం ముగ్గురం గదిలో ఉన్నప్పుడు, తలుపు దగ్గరికి వేసి చెప్పాను.

"శేషూ, ఆ కన్నం నా వల్ల వచ్చింది. బొమ్మల్లో చుక్క నేనే పెడుతున్నాను."

"ఏ చుక్క?"

"అమ్మ చుక్క."

వాడు చేతిలో ఉన్న కలం కింద పెట్టాడు. ఎన్ని బొమ్మల్లో అని అడిగాడు. అన్నిట్లోనూ అన్నాను. ముద్ర వేశాకా అన్నాడు. అవునన్నాను.

"సరేనన్నావు కదక్కా."

"అన్నాను."

 తిడితే బాగుండేది. కాసేపటికి వాడిలో పనివాడు లేచాడు. పంతొమ్మిదేళ్ల చుక్కలకు ముప్పై ఒక్క కన్నాలేనా, పొసగడం లేదు అన్నాడు. బొమ్మలు చదవడానికి వసంతంలో పోతరాజుకు పెట్టిన కొత్త కన్ను ధూళిని పాతదానికంటే బాగా తుడుస్తుంది, కాబట్టి ఈ చుక్క అసలు మిగలకూడదు అని, నాకంటే గోడకే ఎక్కువగా చెబుతున్నట్టు చెప్పాడు.

"నేను మిగిల్చాను అన్నయ్యా" అంది ఇందు.

ఇద్దరం దాని వైపు తిరిగాం. ఇందు చెప్పింది ఇది. కొత్త కన్ను వచ్చినప్పటినుంచి, బొమ్మ పంపబోయే ముందు యంత్రం ఒక ప్రశ్న అడుగుతుంది, ఇక్కడ ధూళి ఉంది, తుడవనా అని. ఇందు వద్దు అని నొక్కింది. అయితే ఇదేమిటో చెప్పమని అడుగుతుంది. మూడే జవాబులు ఉంటాయి: మరక, మేకు, కన్నం.

"మరక అంటే కడిగేస్తుంది. మేకు అంటే ఎవరైనా గీసుకుంటారు. చిన్న కన్నమే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. చుక్క అనే జవాబు దానికి లేదు."

"తుడిచేయాల్సింది" అన్నాడు శేషు.

 ఇందు తల అడ్డంగా ఊపింది.

"అమ్మ ముఖం మీ ఇద్దరికీ గుర్తుంది. నాకు లేదు. ఆ చుక్క అక్క పెడుతోందని నాకు ఎప్పటినుంచో తెలుసు. అయినా పంపే ముందు దాన్ని ఒకసారి చూసుకునేదాన్ని, అమ్మదే అన్నట్టు. తుడవనా అని అది అడిగితే చెయ్యి రాలేదు."

పెట్టింది నేను, కాపాడింది అది. ఒకరికి తెలియకుండా ఒకరం. చుక్క పెట్టాక పక్కకు చూసి ఉంటే నాకు ఏనాడో తెలిసేది.

"ఇంట్లో ఇద్దరు దొంగలు. మధ్యలో సంతకం పెట్టిన వెధవని నేను" అన్నాడు శేషు. నవ్వాలో లేదో తెలియక ఇందు నవ్వేసి, వెంటనే కళ్లు తుడుచుకుంది. వాడు చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

నేను దేవుడి ముందు కూర్చున్నాను. జపం సాగలేదు. వాడు చెవి వెనక చుక్కను విదిలించుకున్న ఆ ఉదయమే తిరుగుతూ ఉంది.

దీపాల వేళకు వచ్చాడు. కుడిచేతి చిటికెన వేలికి సున్నం అంటి ఉంది. నూకాలమ్మ ఇంటికి వెళ్లాడట. కన్నం పూడ్చి వద్దామని తడి సున్నం కూడా పట్టుకుని వెళ్లాడట. ఆవిడ పూడ్చనివ్వలేదు. మొదట భయపడ్డమాట నిజమేనట. కానీ వాళ్లాయన పడవ ఒడ్డుకు తెస్తూ ఆ వేళకే ఈల వేసేవాడట, ఇప్పుడు ఆ వేళకు వల పక్కన పెట్టి కూర్చోవడం అలవాటైందట.

"మరి వాన కొడితే?" అని అడిగింది ఇందు.

"గుడ్డ కుక్కుకుంటాను, నువ్వు ఒగ్గేయి బాబూ అంది" అన్నాడు శేషు, ఆవిడ గొంతుతోనే.

అరుగు మీద కూర్చున్నాం, ముగ్గురం. మూడో వీధి వైపునుంచి గాలి తిరిగింది. ఒక ఇల్లు మొదలుపెట్టింది, వెనక ఇంకొకటి, ఇంకొకటి. దూరంనుంచి వింటే ఏడుపులా లేదు. కింది ఊళ్లో సరుగుడు తోటలో సాయంత్రం గాలి ఇలాగే వినిపించేది. ఆ మాట నేను అనలేదు. శేషు అన్నాడు.

తర్వాత మాట్లాడుకుని నిర్ణయించుకున్నవి రాస్తున్నాను.

బొమ్మలు తెరవకముందే శేషు తన కాగితం వెనక్కి అడుగుతాడు. దానికి బదులు జరిగింది జరిగినట్టు రాసి ఇస్తాం. నా ఒక్కదాని పేరుతో ఇస్తానన్నాను. ఇద్దరూ ఒప్పుకోలేదు. మూడు పేర్లూ ఉంటాయి, పెద్దదాని పేరు ముందు.

ముద్రను శేషు తనే బల్ల మీద పెడతాడు. ఆవిడ తిరిగి ఇస్తే తీసుకుంటాడు, లేకపోతే లేదు. పోతే ఏం చేస్తావని ఇందు అడిగింది. బొమ్మలో గోడలు చేసినవాడికి గోడకు సున్నం పూయడం రాదా అన్నాడు.  

ముప్పై ఇళ్లకు ముగ్గురం వెళ్లి, తప్పు చెప్పుకుని, మా చేతులతో పూడుస్తాం. నూకాలమ్మ ఇల్లు అలాగే ఉంటుంది.

ఇక ఏ బొమ్మలోనూ చుక్క పెట్టకూడదు. ఈ మాట చెప్పి నేను ఆపేశాను. శేషు ఆపలేదు. ఇల్లు పోశాక, ఇంటివాళ్లు గడప దాటకముందు, ముగ్గురిలో ఒకరం వెళ్లి తలుపు వెనక వేలితో చుక్క పెట్టి రావాలన్నాడు. అమ్మ మొదటిసారి వేలితోనే పెట్టింది కదా అన్నాడు. తెర తుడిచింది తనేనని వాడికి ఇన్నేళ్లూ గుర్తుందని నాకు తెలియదు. అలాగే నిర్ణయమైంది. అది ముద్ర ఉన్నా లేకున్నా చేయగలిగిన పని.

అందుకు కాటుక కావాలి. మెట్ట మీద ఎవరూ కాటుక పట్టడం లేదు. ఆముదం దీపం మీద రాగి పళ్లెం ఎంత ఎత్తున బోర్లించాలో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. రేపు ద్వాదశి పారణ అయ్యాక ఇద్దరికీ చూపిస్తాను. అమ్మ భరిణె నా పెట్టెలోనే ఉంది. తీసి కడగబోతే, అడుగున కొంచెం నలుపు మిగిలి ఉందని ఇందు ఆపింది. కడగలేదు. కొత్తది దాని మీదే పడుతుంది.

ఆ తర్వాత ముగ్గురం కలిసి కార్యాలయానికి నడిచి వెళ్లాలి. బయల్దేరే ముందు శేషు చెవి వెనక ఒక చుక్క పెడతానన్నాను.

వాడు వద్దనలేదు.